కొల్లేటి నీళ్లలో మొదటి పిలుపు

మొన్న విశాఖపట్నం నుంచి మా చెల్లెలి కోడలు ఫోను చేసి, వచ్చే వారం పిల్లలతో కొల్లేరు చూడటానికి వస్తున్నాం, ఏం చూడాలో చెప్పండి అంది. చలికాలంలో రావడం మంచిదైందన్నాను, ఏలూరులో దిగి పొద్దెక్కకముందే కైకలూరు దారి పట్టమన్నాను, ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతుల దగ్గర పిల్లల్ని అరవనివ్వొద్దన్నాను, టోపీలూ మంచినీళ్లూ మరవొద్దన్నాను. ఫోను పెట్టేశాక, నేను మొదటిసారి కొల్లేరు వెళ్లిన రోజు గుర్తొచ్చి ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

మాది తాడేపల్లిగూడెం. ఏలూరు కోడలినై వచ్చిన కొత్తలో మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మన రోజుల్లో పెళ్లికి ముందు మాటలెక్కడివి చెప్పండి? పెళ్లయ్యాక కూడా ఆయనకు నాతో మాట్లాడాలంటే మొహమాటం, నాకు ఆయనంటే బెరుకు. కాఫీ కావాలన్నా అత్తయ్యగారితో చెప్పేవారు, ఆవిడ వచ్చి నాతో చెప్పేవారు. మా మధ్య కబుర్లు మోసీ మోసీ విసిగిపోయిన ఆవిడ, క్రిస్మస్ సెలవుల్లో ఒకరోజు క్యారేజీ నిండా పులిహోర సర్ది, కోడలికి కొల్లేరు చూపించాల్సిందేనని ఇద్దరినీ బస్సెక్కించారు.

రేవులో పడవ మాట్లాడుకున్నాం. పొగమంచు విడిపోతుంటే ఎటు చూసినా నీళ్లే, నీళ్ల మీద తెల్లగా పక్షులే. నేను ఆ చివర, ఆయన ఈ చివర, మధ్యలో అత్తయ్యగారు. కొంత దూరం పోయాక పడవ నీళ్ల మీద పరుచుకున్న గుర్రపుడెక్క మొక్కల్లో చిక్కుకుంది. పడవాయన గెడ వేసి ఎంత నెట్టినా కదల్లేదు. కొత్త పెళ్లాం చూస్తోందనుకున్నారో ఏమో, మావారు ప్యాంటు మడిచి, తానూ ఓ చెయ్యి వేద్దామని లేచారు. పడవ ఊగింది, ఆయన అమాంతం నీళ్లలో పడి కనపడకుండా పోయారు.

"ప్రభువా, నా బిడ్డ!" అని అత్తయ్యగారు గుండెలు బాదుకున్నారు. నా సిగ్గు ఎటు పోయిందో, "ఏవండీ! ఏవండీ!" అని నేను పెట్టిన కేకకు చుట్టుపక్కల పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి.

"కంగారు పడకండమ్మా, ఇక్కడ నడుం లోతేనండి," అన్నాడు పడవాయన.

అన్నట్టే మావారు నెత్తిన గుర్రపుడెక్కతో లేచి నిలబడ్డారు. కళ్లు తుడుచుకుని, "నన్నేనా పిలిచింది?" అన్నారు.

"ఇక్కడ ఇంకెవరున్నారండీ?" అన్నాను.

ముందు ఆయనే నవ్వారు. ఇక నేనూ ఆగలేకపోయాను. పడవను విడిపించుకుని తిరిగొస్తుంటే, తడిబట్టలతో వణుకుతూనే, నా పక్కన కూర్చుని ఒక్కో పక్షినీ చూపిస్తూ ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. అత్తయ్యగారు రేవు చేరేదాకా మా వైపు తిరిగి చూడలేదు. ఆ సాయంత్రం కాఫీ కావాలని ఆయన నేరుగా నన్నే అడిగారు.

కిందటేడాది మేమిద్దరం కారులో మళ్లీ వెళ్లాం. అప్పుడు ఒక పూట పట్టిన దారి ఇప్పుడు టీ చల్లారేలోపు అయిపోతోంది. పక్షులు ఇప్పటికీ వస్తున్నాయి, పిల్లలకు చూపించడానికి వసతులూ బాగున్నాయి. కానీ ఆ పడవ ఆగిన చోటు వెతుక్కుందామని గట్టు మీద నిలబడితే, ఎటు చూసినా ఒకేలాంటి చేపల చెరువులే. ఇక్కడే అని ఆయనంటారు, కాదండీ అటు అని నేనంటాను. నీళ్ల మీద గుర్తులు ఎవరు పెట్టుకుంటారు?