గోడలోపలి జిజో

మా ఊరి కోట మీదికి ఏ శత్రువూ రాలేదు. వచ్చేస్తాడని బెంబేలుపడి కట్టించారు ఆనాటి ప్రభువులు. దారి తిన్నగా ఉండదు. ఎక్కుతున్నామనుకునేసరికి కిందికి దింపుతుంది. మొదటి ద్వారం దాటితే ఎత్తైన గోడల మధ్య చదరపు ముంగిలి, మూడు వైపులా బాణాల కంతలు. రాతిగోడ అడుగున వాలుగా ఉండి ఎక్కేవాడికి ఆశ పెడుతుంది, పైకి పోయేకొద్దీ నిటారవుతుంది. ఇంత చేస్తే చివరికి కోటలో జొరబడింది గడ్డి. ఆ గడ్డి పీకే పని షిగెనోది.

నేను కందకం వంతెన దగ్గర పిండి ఉండలు కాల్చి అమ్మేదాన్ని. ఆమె రాకపోకలన్నీ నా కళ్ల ముందే. భర్త జపాను సైన్యంలో చేరి మంచూరియాలో పోయాడు. యుద్ధం ముగిసిన చలికాలంలో, పాలు దొరక్క, ఏడాది నిండని కొడుకూ పోయాడు. అంత పసివాళ్లకు మా వైపు విడిగా సమాధి కట్టరు. పిల్లల్ని కాచే జిజో దేవుడికి అప్పగించి ఇంటికి వచ్చేస్తారు. అలా వచ్చిన ఇంట్లో ఆమె ఇరవై ఏళ్లుగా ఒక్కతే ఉంటోంది. పలకరిస్తే నవ్వేది, అంతే. వాగుడుకాయను కదా, నాకు ఒళ్లు మండేది.

ఒక ఏడు తుఫాను వానకి తూర్పుగోడ పొట్ట ముందుకొచ్చింది. దాన్ని విప్పి మళ్లీ పేర్చడానికి గెంపెయి అనే రాతిమేస్త్రీ తన మనుషులతో దిగాడు. ప్రతి రాయికీ అంకె వేసి, ఫొటో తీసి, దించి, తిరిగి ఉన్నచోటే ఉన్నట్టే పెట్టాలని పైవాళ్ల హుకుం. ఒక్క రాయి అటుది ఇటు కాకూడదు.

ఆ దించడంలోనే అది బయటపడింది. కోట కట్టేటప్పుడు రాళ్లు చాలక ప్రభువు గుళ్ల మీద పడ్డాడట. సమాధి రాళ్లు, రాతి దీపాలు, ఏది దొరికితే అది గోడలోకి నెట్టించాడు. పాపభయం లేని మనిషి. బయటికి వీపు మాత్రమే కనబడే ఒక రాయిని తిప్పి చూస్తే, రాతిలో చెక్కిన జిజో! తలకిందులుగా, ముఖం లోపలి మట్టివైపు పెట్టి, నాలుగు వందల ఏళ్లుగా గోడను మోస్తున్నాడు. ముక్కు అరిగిపోయింది గాని ముఖంలో నవ్వు అలాగే ఉంది.

దించిన రాళ్లన్నీ పరిచిన మైదానంలో ఒక మూల అతణ్ణి నిలబెట్టారు. మర్నాడే షిగెనో, పసివాళ్లకు కట్టేలాంటి ఎర్ర చొంగగుడ్డ కుట్టి తెచ్చి మెడకు కట్టింది. ఆ మనిషి గొంతు సరిగ్గా విన్నది నేను అప్పుడే.

"ఇవాళ చలెక్కువగా ఉందిరా. ముల్లంగి సరిగ్గా ఉడకలేదు. ఎలాగోలా తినెయ్యి, నాయనా."

"ఏం అక్కా, నాతో రెండు ముక్కలు మాట్లాడవు గాని, రాయితో తెగ ముచ్చట్లా?" అన్నాను.

"వాడు నన్ను మాట్లాడనిస్తాడే. నువ్వు నోరు మూస్తే కదా!"

ఎన్నాళ్లకో ఆమె వేళాకోళమాడింది. కడుపు నిండినట్టయింది నాకు.

రెండేళ్లు గడిచాయి. గోడ లేచి జిజో వంతు దగ్గరకొచ్చింది. మళ్లీ ముఖం మట్టిలోకి పోతుంది, ఇక ఎవరికీ కనబడదు. ఒక మధ్యాహ్నం షిగెనో నా కొట్లో టీ తాగుతుంటే గెంపెయి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పెద్దమ్మా, జిజో కొలతకి సరిపడే రాయి నా దగ్గర ఇంకోటుంది. వీపు చెక్కి ఇతని చోట పెట్టేస్తా. గోడకేం కాదు. కనిపెట్టేవాడూ లేడు. ఇతణ్ణి నువ్వు ఇంటికి తీసుకుపో."

"తెలిస్తే నీ పని పోదూ?"

"పోతే పోనీ. రెండేళ్లు నీ చేతి ఊరగాయ ఊరికే తిన్నానా?"

"తీసుకో అక్కా, ఇంకా ఆలోచనేంటి? అంత కోటకి ఒక్క రాయి లోటా?" అని నేనూ ఎగదోశాను.

ఆమె టీ గిన్నె పక్కన పెట్టింది.

"మా ఇంట్లో వాడికి నేనొక్కదాన్నే కదే," అంది. "నేను పోయాక? తలుపులేసిన ఇంట్లో ఒక్కడే ఉండాలి. గోడలోనైతే పైనా కిందా, అటూ ఇటూ ఎవరో ఒకరు ఆనుకుని ఉంటారు."

"నేను లేనా? నేను చూసుకుంటా!"

"ముందు నీ మోకాళ్ల సంగతి చూసుకో."

కోపం పట్టలేక పట్టకారు విసిరికొట్టాను. ఇద్దరు కొడుకులు, కోడళ్లు, రోజూ గొడవపడే మనుమలు ఉన్న ఇంట్లో కూర్చుని, ఒంటరితనం సంగతి నాకూ తెలుసనుకున్నాను. నాకేం తెలుసు? ఆ సాయంత్రం కొట్టు కట్టేస్తూ ఏడ్చాను.

జిజోను ఎక్కించే రోజు నేనూ వెళ్లాను. గోడ వెనక నింపిన గులకరాళ్ల మీద షిగెనో నిలబడింది. అతణ్ణి గొలుసుకు తలకిందులుగా వేలాడదీశారు. ఎర్రగుడ్డ నుదుటి మీదికి జారింది.

"ఆగు బాబూ. వీడి పక్కన ఎవరుంటారు?" అని అడిగింది.

గెంపెయి ఖాళీలోకి వంగి చూశాడు. "ఎడమవైపు సమాధి రాయి, పెద్దమ్మా. పేరు సగం చెరిగిపోయింది. ఎవరో ఆడమనిషిది."

షిగెనో జిజో మెడలో గుడ్డ విప్పి మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఆ సమాధి రాయి మీద చెయ్యి వేసింది.

"రాత్రిళ్లు ఏడుస్తాడమ్మా. కాస్త చూసుకో," అంది.