బాపు నలభై, నేను బిగించిన మీటరు

ఆ రోజుల్లో మా వరంగల్‌లో ఐటీఐ పాసైనవాడికి నౌకరీ దొరికినా దొరక్కపోయినా, గర్వం మాత్రం సర్టిఫికెట్‌తో పాటే చేతికిచ్చి పంపేవారు. నాకు రెండు పాళ్ళు ఎక్కువే ఇచ్చినట్టున్నారు. డెబ్బయ్యో దశకం చివరి మాట ఇది. వాడకట్టులో ఎవరింట్లో ఫ్యాను తిరక్కపోయినా నన్ను పిలిచేవారు, నేను వెళ్ళి విప్పేవాణ్ణి, ఆ తర్వాత వాళ్ళు ఇంకొకణ్ణి పిలిచి బిగించుకునేవారు. (ఈ రెండో సంగతి మా బాపుకు తెలియదు. కొడుకు విప్పాడన్నంత వరకే ఆయన విన్నాడు, అదే ఊరంతా చెప్పాడు.)

బాపు సుబేదారిలో ఒక డాక్టరమ్మ దగ్గర ఫియట్ కారు నడిపేవాడు. కారు కొన్న మొదటి రోజున ఆవిడ "నలభై దాటొద్దు" అన్నదట. అంతే, పద్దెనిమిదేళ్ళు ఆయన నలభై దాటలేదు, రోడ్డు ఖాళీగా ఉంటే నలభైకి తగ్గనూ లేదు. అందరూ ఆయన్ని 'నలభై సాబ్' అని పిలిచేవారు. చెవులు కాస్త మందం కాబట్టి ఇంజిన్ చప్పుడు ఆయనకు సరిగా అందేది కాదు, మీటరు మీది ముల్లే ఆధారం. బండి తీసే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. కళ్ళు తెరిచాక ప్రభువును వదిలి ముల్లును పట్టుకునేవాడు. ఆ జీతం మీదే మేం అయిదుగురం బతికేవాళ్ళం. నా జీతం ఇంకా పుట్టలేదు.

అలాంటి మీటరు బోర్డు ఒక వానాకాలం నీళ్ళు దిగి పాడైపోయింది. ముల్లు చలిజ్వరం వచ్చినట్టు వణికి వణికి చివరికి సున్నా మీద పడుకుంది. కొత్తది బొంబాయి నుంచి రావాలి, మూడు నాలుగు నెలలు పడుతుందన్నారు. అన్నాళ్ళూ ముల్లు లేకుండా నడపాలంటే బాపుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. "ఫికర్ చెయ్యకు బాపు, నేనేస్త" అని నేను బయల్దేరాను. స్టేషన్ వెనకాల పాత సామాన్ల దుకాణం నడిపే చాచా ఒక బోర్డు తీసిచ్చాడు. ఇస్తూ చెప్పాడు కూడా. "బేటా, ఇది వేరే మోడల్ బండిది. ముల్లు జర ఎక్కువ చూపిస్తది, సూస్కో." పదో తరగతి మొహం చూడని మనిషి, సర్టిఫికెట్ ఉన్న నాకు చెప్పడమా. "నాకెరికే చాచా" అన్నాను. (నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో ఇంత పొట్టిది, ఇంత పొడుగున వెంటబడింది ఇంకోటి లేదు.) రంధ్రాలు కలవకపోతే ఆకురాయితో రాసి కలిపాను, వైర్లు తగిలించాను, లైటు పచ్చగా వెలిగింది, ముల్లు లేచింది. బాపు దాన్ని చూసి నా భుజం తట్టాడు. ఆయన భుజం తట్టడం నాకు తెలిసి అదే మొదలు.

ఆ మరుసటి గురువారం నుంచే చిక్కులు మొదలయ్యాయి. డాక్టరమ్మ ప్రతి గురువారం పరకాల వెళ్ళి రోగుల్ని చూసేది. పద్దెనిమిదేళ్ళుగా గంట లోపల తేలే ప్రయాణం గంటంబావు దాటింది. స్కూటర్లు దాటాయి, మోపెడ్‌లు దాటాయి, ఒకరోజు పత్తి బోరాల ట్రాక్టరు కూడా దాటింది. దాటుతూ ట్రాక్టరు మనిషి "నలభై సాబ్, బండి ఖరాబైందా?" అని అరిచాడట. "లేదు, నలభై మీదనే ఉన్న" అన్నాడట బాపు. "అయితే మా ట్రాక్టర్ విమానం లెక్కనే ఉన్నది" అన్నాడట వాడు. ఇంటికొచ్చి ఈ ముచ్చట చెప్పినప్పుడు బాపు నవ్వలేదు. "కిలోమీటర్ రాళ్ళు దూరం జరిగినట్టు కొడుతానయ్‌రా" అన్నాడు. నేను మాత్రం కడుపుబ్బ నవ్వాను. మీటరు మీద అనుమానం ఆయనకు రాలేదు, వేసింది కొడుకు కదా. నాకూ రాలేదంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను.

చివరికి కాజీపేటలో డాక్టరమ్మ ఎక్కాల్సిన రైలు అయిదు నిమిషాల తేడాతో వెళ్ళిపోయింది. ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నన్ను పిలిపించి నెమ్మదిగా చెప్పింది. "మీ నాయినకు వయసైపోయింది. చూపు ఆనుతలేనట్టున్నది. రేపట్నుంచి బండి నువ్వు తియ్యి." లైసెన్సు ఉన్న నాకు అలా మొదటి నౌకరీ దొరికింది, మా బాపు సీటులో, మా బాపును దింపి.

మొదటి గురువారమే ముల్లును నలభై మీద పెట్టి చేతి గడియారం చూశాను. రాయికీ రాయికీ నడుమ నిమిషమున్నర పట్టాలి, రెండు నిమిషాలు దాటింది. చాచా మాట చెవిలో గింగురుమంది. నేనేం చేశానంటారు? ముల్లును అరవై దగ్గరకు పోనిచ్చాను. పరకాలకు టైముకు చేరాం, డాక్టరమ్మ మెచ్చుకుంది. వారం తిరక్కుండా ఆవిడే బాపును కంటి డాక్టరు దగ్గరికి పంపింది. అన్నం ముందు కూర్చుని బాపు అన్నాడు, "కండ్లు మంచిగనే ఉన్నయట. మరి తప్పు ఏడున్నట్టురా?"

"వయసు బాపు" అన్నాను నేను, ముద్ద మింగి.

తర్వాతి నెలలో ఒకరోజు డాక్టరమ్మ పొద్దున్నే ఎవరి జీపులోనో పరకాల వెళ్ళింది, మధ్యాహ్నం ఖాళీ బండి తీసుకుని రమ్మంది. పరకాలలో ఉండే మా చిన్నమ్మను చూసొస్తానని బాపు నా పక్కన ఎక్కాడు. ఊరు దాటాక ఆయన చూపు మామూలుగానే ముల్లు మీదికి పోయింది.

"అరవై మీదున్నవ్" అన్నాడు.

"అవును బాపు."

బాపు తన గడియారం చేతిలోకి తీసుకున్నాడు. ఒక రాయి పోయింది, రెండో రాయి పోయింది, మూడోదీ పోయింది. ఒక్కో రాయికీ నిమిషమున్నరే. నేను రోడ్డునే చూస్తున్నాను. తిడతాడనుకున్నాను, బండి ఆపమంటాడనుకున్నాను.

"డాక్టరమ్మకు చెప్పినవా?"

"లేదు."

బాపు గడియారం జేబులో పెట్టుకున్నాడు. ఆత్మకూరు దాటాక అన్నాడు, "చెప్పకు. నాదెట్లనో పాయె, నీదెందుకు పోవాలె."

ఆ మాటకు నాకు ఏడుపు రావాలి. రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను క్షమించుకోలేనిది ఆ మీటరును కాదు, ఆ హమ్మయ్యను. ఇరవై ఏళ్ళ ఆ కుర్రవాడు, దువ్విన క్రాపూ ఇస్త్రీ చొక్కాతో, స్టీరింగ్ పట్టుకుని ఎంత నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాడో తలచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. చెంప పగలగొట్టాలనీ ఉంటుంది, కానీ చెంప నాదే.

పరకాలలో డాక్టరమ్మ వరండాలో నిలబడి ఉంది. గడియారం చూసుకుని, "సరిగ్గ టైముకొచ్చిండు మీ కొడుకు. ఉరికించలే కదా?" అని బాపును అడిగింది.

బాపు బండి దిగి, ఆవిడ కోసం వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. "లేదమ్మా. మావోడు నలభై దాటడు" అన్నాడు.