పదో మాట గొడుగు

మా మామయ్య, ఎవరు కనబడినా సరే, ముందు చేతిలో గ్లాసెడు ఆకుపచ్చ రసం పెడతాడు. అది తాగాక పది మాటలు చదివించి, అప్పజెప్పమంటాడు. కుశలప్రశ్నలు ఆ తర్వాతే. గ్యాస్ బండ మోసుకొచ్చిన మనిషి కూడా ఆ చేదు మింగి, "ఎనిమిది! భేష్!" అనిపించుకున్నాకే గడప దాటాలి.

ఆయన పనే అది మరి. ముప్పై ఏళ్ళుగా ఒక ల్యాబ్‌లో ఆకులు ఎండబెట్టి, పొడికొట్టి, స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి సారం తీస్తున్నాడు. దాన్ని ముసలి ఎలుకలకు పట్టించి, నీళ్ళతొట్టిలో వదిలి, అడుగున దాచిన మెట్టు ఎక్కడుందో వాటికి గుర్తుందా లేదా అని స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తాడు. ఎలుకలయ్యాక మేము.

"ఇది తాగితే మతిమరుపు రాదా మామయ్యా?"

"ఎలుకలకి కాస్త ఆలస్యంగా వచ్చింది. మనుషుల సంగతి ఇంకా తేలలేదు."

"తేలనిది మాకెందుకు పోస్తున్నావ్?"

"ఇది ల్యాబ్‌ది కాదురా, కుండీలో ఆకు. మహా అయితే నోరు చేదవుతుంది. తాగు!"

పక్కిల్లే కాబట్టి నాకు రోజూ తప్పేది కాదు. చీటీ మీద మాటలు ఆయన రాసేవాడు, చదవడం నా వంతు. నిచ్చెన, సబ్బు, దిండు, సూది... మాటలు రోజూ మారేవి. పదోది మాత్రం ఎప్పుడూ గొడుగే. ముందు అత్తయ్య అప్పజెప్పాలి, ఆఖరున ఆయన. తన చేత్తో రాసిన గొడుగునే ఆయన మర్చిపోయేవాడు! రోజూ! అత్తయ్య పడీపడీ నవ్వేది.

"ఎలుకలే నయం. ఈయన్ని ఆ తొట్టిలో వదిలితే మెట్టు సరే, తొట్టి కూడా కనిపెట్టలేరు."

నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళ కిందటి సీసా మీద తేదీ అడిగినా ఠక్కున చెప్పే మనిషికి ఈ నాటకమెందుకు? ఒకరోజు పాత చీటీలు తిరగేశాను. వెనకాల మార్కులున్నాయి. అత్తయ్యకి తొమ్మిది, ఆయనకి ఎనిమిది. కొన్నాళ్ళకి అత్తయ్యకి ఏడు, ఆయనకి ఆరు. పోయిన వారం అత్తయ్యకి ఐదు, ఆయనకి నాలుగు.

"మతిమరుపు అత్తయ్యకా?" అని మామయ్యని మెల్లగా అడిగాను.

"నలభై ఏళ్ళు ఊరందరి జాకెట్ల కొలతలూ నోటికి చెప్పిన మనిషిరా. ఇప్పుడు రాసుకున్నా తికమకపడుతోంది. డాక్టరంటే చాలు, నన్ను పిచ్చిదాన్ని చేస్తారా అని ఏడుస్తుంది. త్వరగా చూపిస్తే మంచిదని నాకు తెలుసు. తీసుకెళ్ళేదెలాగో తెలియట్లేదు."

"మరి రోజూ ఆ గొడుగెందుకు?"

"ఒక్కటన్నా ఆమెకి ఖాయంగా గుర్తుండాలిగా."

మర్నాడు మామయ్య పది మాటల్లో ఒక్కటే చెప్పాడు. అత్తయ్య నవ్వలేదు.

"ఇదేం నవ్వులాట కాదు. ఈయన్ని డాక్టర్‌కి చూపించాలి, నడు," అని నాతో చెప్పి చెప్పులేసుకుంది.

డాక్టర్ ఐదు మాటలు చెప్పి, మళ్ళీ చెప్పమన్నాడు. "ముందు ఆవిడ. మాకదే అలవాటు," అన్నాడు మామయ్య. అత్తయ్య రెండు చెప్పి, కాసేపు తడుముకుని, ధీమాగా "గొడుగు!" అంది.

"గొడుగు నేను చెప్పలేదే?" అన్నాడు డాక్టర్. అత్తయ్య మొహం వాడిపోయింది.

"చెప్పారండీ, నేనూ విన్నాను," అన్నాడు మామయ్య. "అసలు నాకు గుర్తున్నది గొడుగొక్కటే."

జన్మలో మొదటిసారి గొడుగు గుర్తొచ్చిందాయనకి! డాక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇద్దరికీ స్కానింగ్ రాశాడు.

అత్తయ్యది అయ్యాక, మామయ్య కూడా బుద్ధిగా ఆ గొట్టంలో కదలకుండా పడుకున్నాడు. బయట అత్తయ్య ఆయన కళ్ళజోడు తుడుస్తూ నా చెవిలో గుసగుసలాడింది.

"డాక్టర్ మందులిస్తే నేనూ వేసుకుంటాను. ఒక్కరే వేసుకోవాలంటే బెంగపడతారు, పాపం. ఇంకో సంగతి. రేపట్నుంచి ఆయన్నే ముందు చెప్పనివ్వు. నేను ఒకటి తగ్గించి చెబుతా. ఆయన గెలిచి ఎన్నాళ్ళయిందో!"



మర్నాడు పొద్దున్న చీటీ చదివాను. "ముందు మీరు" అంది అత్తయ్య. "ముందు నువ్వు" అన్నాడు మామయ్య. ఇద్దరూ నోరు విప్పరు. నాకు ఆఫీసుకి టైమైపోతోంది. విసుగొచ్చి పది మాటలూ నేనే అప్పజెప్పేశాను, గొడుగుతో సహా.