జడ్జి మీద ఎవరూ లేరు

రోస్కో టిలరీకి మొదటి నుంచీ ముక్కు మీదే కోపం. గుండె ఆపరేషన్ అయ్యాక అది ఇంకా పెరిగింది. ఇక ఈ జన్మకి గుర్రం ఎక్కొద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ మాట లాయంలో ఎవరికీ చెప్పకుండా, "వచ్చే నెల ఎక్కుతా" అంటూ రోస్కో నెలలు దొర్లించాడు.

ఉత్తర ఫిలడెల్ఫియాలో మా ఆల్డర్‌మన్ వీధి చివర, పాడుబడ్డ ఇళ్ళ వెనక ఉన్న ఆ లాయమే అతని బతుకు. పగలంతా ఇళ్ళ పైకప్పులకు తారు పూసేవాడు. సాయంత్రం ఆ తారు కంపుతోనే వచ్చి గుర్రాలకు గడ్డి వేసేవాడు. పెళ్ళాం వదిలిపోతూ, "నాకూ నాలుగు కాళ్ళుంటే నన్నూ చూసుకునేవాడివి" అని పోయింది. ఆ సాయంత్రం కూడా అతను లాయానికే వెళ్ళాడు.

జడ్జి అనే ఆ గోధుమరంగు గుర్రాన్ని పల్లెలో జరిగే వేలంలో మాంసం వాళ్ళ చేతుల్లోంచి లాక్కొచ్చాడు. పందాల్లో ఓడి ఓడి అప్పటికది ఎముకల గూడు. దాన్ని మేపి, మచ్చిక చేసి, బస్సులకూ సైరన్లకూ బెదరకుండా తయారుచేశాడు. ఎర్రదీపం పడితే కార్ల మధ్య బుద్ధిగా నిలబడేది. దాని వీపు మీద తను తప్ప ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు.

ఇప్పుడు అదే తంటా తెచ్చింది. ఎక్కేవాడు లేక గుర్రం పాడైపోతోంది. గోడను తంతోంది, గడ్డి సగం వదిలేస్తోంది, కాళ్ళు వాస్తున్నాయి. దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తే మేలని తోటివాళ్ళు చాటుగా గొణుక్కుంటున్నారు. మొహం మీద అడిగింది లవోండా ఒక్కతే. నలభై దాటిన మనిషి, సిటీ బస్సు నడుపుతుంది, స్వారీ రోస్కో దగ్గరే నేర్చుకుంది.

"అంకుల్, నన్ను ఎక్కనివ్వు. రోజూ కాసేపు తిప్పుతా."

"నీ బస్సు తిప్పుకో పో."

"బస్సుకి కాళ్ళు వాయవు. దీనికి వాస్తున్నాయి, కనబడట్లేదా?"

"వచ్చే నెల నేనే ఎక్కుతా అన్నానా లేదా?"

"పోయిన నెల కూడా ఇదే పాట పాడావు."

నిజం చెప్తే జడ్జి చేయి దాటిపోతుంది. చెప్పకపోతే కళ్ళముందే కుళ్ళిపోతుంది. రెండూ తెలిసే మొండికేశాడు ఆ పెద్దమనిషి. భయం వేసినవాడు కరుస్తాడు మరి.

సరిగ్గా అప్పుడు దిగారు సినిమావాళ్ళు. నగరంలో గుర్రాలు పెంచుకునే మా నల్లవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తున్నారట. క్లేర్ అనే అమ్మాయి దానికి పెద్ద. రోస్కో స్వారీ తీయాలని ఆమె ఆశ. మోకాలు నొప్పని అతను తప్పించుకున్నాడు.

"పోనీ, గుర్రాన్ని పట్టుకుని వీధి వెంట నడుస్తారా?" అంది.

నడుస్తానన్నాడు. తన బతుకంతా సినిమాకెక్కుతుంటే తనే లేకపోతే ఎలా? లోపలికెళ్ళి జడ్జికి జీను బిగించాడు. అది చూసి లవోండా అడ్డం వచ్చింది.

మా దగ్గర ఒక పద్ధతుంది. రౌతు చనిపోతే అతని గుర్రానికి జీను కట్టి, మీద ఎవరూ లేకుండా, శవం బండి ముందు నడిపిస్తారు. అందుకని మామూలు రోజుల్లో గుర్రాన్ని నడిపించుకుపోవాల్సి వస్తే జీను విప్పి భుజాన వేసుకుంటారు. పాపం, క్లేర్‌కి ఇవేం తెలుసు. రోస్కోకి తెలియకేం.

"జీను దించు అంకుల్."

"బోడి గుర్రాన్ని తోలుకుపోతే చూసేవాళ్ళు నన్ను బండివాడనుకుంటారు."

"సినిమా చూసేవాళ్ళ సంగతి సరే. వీధిలో చూసేవాళ్ళో?"

"పక్కన నేనే నడుస్తుంటే, నా శవయాత్ర నేనే చేసుకుంటున్నానని ఎవడనుకుంటాడే?"

నడిచాడు. లవోండా, సినిమావాళ్ళు వెనకే వచ్చారు. మలుపు దగ్గర డామినో బిళ్ళలు ఆడేవాళ్ళు ఆట ఆపి లేచి నిలబడి టోపీలు తీశారు. మంగలి దువ్వెనతోనే బయటికొచ్చాడు. ఒక కారు పాట ఆపేసి పక్కకి తప్పుకుంది. ఇదంతా తనకు చేస్తున్న మర్యాదనుకుని రోస్కో ఛాతీ విరిచాడు. అంతలో మాటలు చెవిన పడ్డాయి.

"ఎవరు పోయారు?"

"అది టిలరీ గుర్రంరా."

"రోస్కోనా? మొన్నేగా ఆపరేషన్ అయిందన్నారు."

రోస్కో చుట్టూ చూశాడు. పగ్గం పట్టుకున్న బక్కమనిషి వైపు ఎవరూ చూడటం లేదు. ఇన్నేళ్ళూ ఆ వీధి అతన్ని తలెత్తే చూసింది. నేల మీద నడిస్తే ఎలా ఉంటాడో దానికి తెలియదు.

చూపు మందగించిన ముసలావిడ మిస్ యుడోరా కమ్మీ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. జడ్జి మెడ నిమిరింది. చేయి జీను దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఎప్పుడు పోయాడు నాయనా? నాకు ఒక్కళ్ళూ చెప్పలేదు. నోటి దురుసే గానీ, ఆ మంచు పడ్డప్పుడు నా మందులు గుర్రం మీద తెచ్చిచ్చాడు" అంటూ కళ్ళు తుడుచుకుంది. "నువ్వు వాళ్ళ తమ్ముడివా?"

రోస్కో ఆవిడ వైపు వంగాడు.

"నేనేనండీ, రోస్కోని."

ఆవిడ మొహం దగ్గరగా పెట్టి చూసింది. "మరి జీను మీద ఎవరూ లేరేం?"

"ఎక్కలేనండీ. ఇక ఎప్పటికీ ఎక్కకూడదన్నారు."

డాక్టరు తనతో అన్న మాటను నడివీధిలో, అందరూ వింటుండగా, తన నోటితో అనేశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"లవోండా, రా. ఎక్కు."

ఆమె కదల్లేదు. "లాయంలో మాట్లాడుకుందాం అంకుల్."

"ఇప్పుడే ఎక్కు. ఇంకో నాలుగడుగులు ఇలా వేస్తే నన్ను నిజంగానే పూడ్చేస్తారు."

ఎక్కింది. ఆమె పాదాలు జీనుకు వేలాడే రికాబులకు అందలేదు. రోస్కో వంగి తోలుపట్టీ విప్పాడు. అతని కొలత దగ్గర తోలు అరిగి, నల్లగా గీత పడి ఉంది. అక్కణ్ణుంచి పైకి జరిపి ఆమె కాలికి సరిపడా బిగించాడు. అటువైపు వెళ్ళి రెండోదీ బిగించాడు. ఇంతమందిలో ఏడవడమా అని కూడా చూసుకోలేదు, ఏడ్చాడు.

క్లేర్ పరుగెత్తుకొచ్చింది. జనం మొహాలు అద్భుతంగా వచ్చాయట. "ఇంకొక్కసారి చేద్దామా? ఆ మలుపు నుంచి, జీను ఖాళీగానే ఉంచి."

"కుదరదమ్మా. గుర్రం మీద మనిషి ఉంది" అన్నాడు రోస్కో.

లవోండా పగ్గాలు వదులు చేసింది. జడ్జి రెండడుగులు తడబడి, నడక అందుకుని దౌడు తీసింది. డెక్కల చప్పుడు వినగానే డామినోల వాళ్ళు టోపీలు పెట్టుకున్నారు. రోస్కో దాని వెంట కొంచెం దూరం గబగబా నడిచాడు, ఊపిరి అందక ఆగిపోయాడు.

మిస్ యుడోరా వచ్చి అతన్ని మెట్ల మీద కూర్చోబెట్టింది. అక్కణ్ణుంచే చూశాడు, గుర్రం మలుపు తిరిగేదాకా. అది ఒక్కసారి కూడా తల వెనక్కి తిప్పలేదు.