జేబులో పత్తి

సత్తెనపల్లి రోడ్డులో, ప్లాస్టిక్ కళ్ళద్దాలు పోసే గాజు అచ్చులు సానబట్టే షెడ్డులో నేను ఆరేళ్ళు పనిచేశాను. దాని యజమానికి అంతకుముందు తెలిసిన యంత్రమల్లా పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లే. అందుకే కాబోలు, ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు పత్తి ఉండేది. దానితోనే నుదురు తుడుచుకునేవాడు, కొత్తగా కొన్న సెల్‌ఫోను తుడిచేవాడు, అచ్చులూ తుడిచేవాడు.

గాజు గట్టిదే గాని మహా పెళుసు. వజ్రపు చక్రం పిసరంత ఎక్కువ ఆనితే అంచు పెచ్చులేస్తుంది. మేము మూడు రోజులు ఊపిరి బిగబట్టి తెచ్చిన నునుపును ఆయన ఆ పత్తితో ఒక్క రుద్దు రుద్ది, "చూశావా, ఎట్టా మెరుస్తోందో" అనేవాడు, తనే మెరిపించినట్టు.

"పత్తిలో ఇసక ఉంటుందండీ, గీతలు పడతాయి" అని ఒకసారి చెప్పాను.

"పత్తికి గీతలు పడేదేందిరా? పసిపిల్లల చెవులు తుడిచేది దాంతోనే" అన్నాడు.

అచ్చు మీది గీత అందులో పోసిన ప్రతి అద్దం మీదా దిగుతుంది. చివరికి, కొన్న కంపెనీ గీతలున్నాయని అచ్చులన్నీ తిప్పి పంపింది. ఆయన పాలిష్ పట్టే ఆవిడను అందరి ముందూ నిలబెట్టి, "ఉంగరం తీసి పని చెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు?" అని అరిచాడు.

ఆవిడ బోసి చేతులు రెండూ చాపింది. వాళ్ళ చర్చివాళ్ళు నగలు పెట్టుకోరు. నాలుగేళ్ళుగా ఆ చేతుల పని అమ్ముకుంటున్న మనిషి వాటిని ఒక్కనాడూ చూడలేదు.

ఇప్పుడు చూశాడు. వంగి మరీ చూశాడు.

"అయితే గోళ్ళన్నా తీసుకో" అని, జేబులోంచి పత్తి తీసి, తిరిగొచ్చిన అచ్చును మళ్ళీ తుడిచాడు.