గుప్పిట్లో ట్రాక్టరు తాళం

నా చిన్నప్పుడు మా ట్రాక్టరు ఇంటి దగ్గర పడుకునేది కాదు. ములకలపల్లి దాటాక అడవి అంచున మా ఊరు. చలికాలం తెల్లవారేసరికి బ్యాటరీలో సత్తువ ఉండదని, సాయంత్రం పని కాగానే ట్రాక్టరును ఊరి బయటి దిబ్బ మీద, ముఖం పల్లానికి పెట్టి నిలిపేవారు. చక్రానికి ఒక రాయి అడ్డం. పొద్దున్నే రాయి తీస్తే ట్రాక్టరు పల్లానికి దొర్లుతూ అంటుకునేది.

ఒక్క సాయంత్రం మాత్రం నాన్న దాన్ని ఇంటికి తెచ్చాడు. మంచు బాగా కురుస్తోందని జాలిపడి రేకుల కింద నిలిపి, పైన పట్టా కప్పాడు. వచ్చేసరికి టాంకీ అడుగంటిపోతే డబ్బాతో డీజిలు పోశాడు.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే తమ్ముడికి ఫిట్స్ వచ్చాయి. ఏడాదిన్నర పిల్లవాడు. ఒళ్ళు కాలిపోతోంది. బిగుసుకున్న చేతులు కాసేపటికి వదులయ్యాయి గాని కళ్ళు తెరవలేదు. బస్సు వచ్చేది పదింటికి. ఊళ్ళో ఉన్న రెండో ట్రాక్టరు పత్తి లోడుతో ఖమ్మం పోయింది. మా ఎడ్లను ట్రాక్టరు కొన్న ఏడాదే అమ్మేశాం. పాల్వంచ దవాఖానాకు చేరాలంటే మా ట్రాక్టరే దిక్కు. దిబ్బ మీదికి తోద్దామంటే అంతా ఎగువ.

నాన్న తాళం తిప్పాడు. ఇంజను మూలిగి ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ, మళ్ళీ. ప్రతిసారీ ఆ మూలుగు కురచవుతోంది. అమ్మ తమ్ముణ్ణి దుప్పట్లో చుట్టుకుని, చెప్పులైనా లేకుండా ట్రాలీ పక్కన నిలబడింది. ఏడవడం కూడా మరిచిపోయింది.

ఆ చప్పుడుకు పక్కింటి తాత వచ్చాడు. ఒకప్పుడు సారపాక కాగితం మిల్లుకు వెదురు లారీ తోలిన మనిషి. అమ్మ చేతుల్లోకి ఒకసారి చూసి, నాన్న చెయ్యి పక్కకు జరిపి తాళం లాగేశాడు. దాన్ని నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూశాడు.

"నేనడిగేదాంక ఎవ్వరికీ ఇయ్యకు బిడ్డా. మీ నాయనకు గూడ."

నాన్న సీటు మీంచి దూకాడు. "బాబాయ్, పిల్లోడు చేతుల్లోంచి పోతున్నాడు."

"అందుకే గదా ఆపిన. బ్యాటరీల ఉన్న కాస్త పానం గూడ తీస్తున్నవ్."

తాళం తిప్పేటప్పుడు గొట్టంలోంచి పొగ ఏ రంగులో వచ్చిందని తాత అడిగాడు. అమ్మానాన్నలు మొహాలు చూసుకున్నారు. పొగే రాలేదని నేను చెప్పాను. తాత తలూపాడు. పొగ లేదంటే డీజిలు లోపలికి పోవడం లేదని, పొద్దెక్కేదాకా తిప్పినా అంతేనని చెప్పి, నాన్నను స్నానాల కాగు కింద మంట పెట్టమని పంపేశాడు. నాన్న చేతులకు ఏదో ఒక పని ఉండాలని ఆయన అనుకున్నాడని నాకు చాలా ఏళ్ళకు గాని తట్టలేదు.

తాత డీజిలు ఫిల్టరు మీది మరమేకును వదులు చేసి, కింద ఉన్న చిన్న మీటను బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాడు. మర సందులోంచి నురగ వచ్చింది. టాంకీ అడుగంటినప్పుడు డీజిలు గొట్టంలో గాలి చేరిందన్నమాట. నొక్కుతూనే ఉన్నాడు. నురగ తగ్గడం లేదు. నాన్న కాగు దగ్గర నుంచి లేచి నా ముందుకొచ్చాడు. "ఇటివ్వు తల్లీ," అన్నాడు మెల్లగా. అంతవరకు నాన్న నన్ను అడిగి కాదనిపించుకున్నది లేదు. నేను వెనక్కి అడుగేశాను. ఇవ్వకపోతే తమ్ముడు చచ్చిపోతాడేమో. ఇస్తే చచ్చిపోతాడేమో. గుప్పిట ఇంకా బిగించాను.

చివరికి బుడగ లేని డీజిలు సన్నటి ధారగా వచ్చింది. తాత మర బిగించాడు. రేడియేటరులోని చల్లటి నీళ్ళు వదిలేసి, ముందు గోరువెచ్చనివి, ఆ తర్వాత వేడివి పోయించాడు. ఇంజను మీద చెయ్యి ఆనించి చూసుకున్నాడు. "ఇగ ఇయ్యి."

నాన్న తిప్పాడు. తెల్లటి పొగ ఒక్కసారి ఎగిసి ఆగిపోయింది. నాన్న చెయ్యి వెంటనే మళ్ళీ తాళం మీదికి పోబోతే తాత పట్టుకున్నాడు. తెల్లపొగ అంటే డీజిలు వస్తోంది, వేడే చాలడం లేదు. మరో బిందెడు వేడినీళ్ళు తెప్పించి, గోనెపట్టా తడిపి ఇంజను పక్కన గొట్టాలకు చుట్టాడు. ఆ కాసేపు నాకు తమ్ముడి ఊపిరి ఒక్కటే వినిపించింది.

రెండోసారికి నల్లటి పొగ వచ్చింది. తలమీది రేకులన్నీ దడదడలాడాయి.

సాయంత్రానికి దవాఖానాలో తమ్ముడు పాలు తాగాడు. నా అరచేతిలో తాళం పళ్ళ గుర్తు అప్పటికీ పోలేదు.

ఇవాళ నా కూతురికి జ్వరం. నాకు నాన్న చేతులే వచ్చాయి. పది నిమిషాల్లో నాలుగుసార్లు థర్మామీటరు పెట్టి, పడుకున్న పిల్లను లేపి ఏడిపించాను. అప్పుడు తాత గుర్తొచ్చాడు. పాప ఊపిరి చూశాను, బాగుంది. పిలిస్తే పలికింది. నీళ్ళు తాగింది. మందు పోసి ఇరవై నిమిషాలైంది, అది పనిచేయడానికి ఇంకాస్త సమయం కావాలి. థర్మామీటరు బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, గడియారం వంక చూస్తూ కూర్చున్నాను.