బాలింత గది మీద సున్నం

అక్క తొలి కాన్పుకు ఇంటికి వచ్చేనాటికే ఎండలు ముదిరాయి. గద్వాల దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలను ఆటోలో మల్దకల్ దారిలో ఉన్న మా ఊరికి తీసుకొచ్చి లోపలి గదిలో పడుకోబెట్టాం. మాకున్నవి రెండే గదులు. ముందుది రేకుల గది, పగటిపూట అందులో కోడి కూడా నిలవదు. లోపలిది స్లాబు గది. దానికున్న ఒక్క కిటికీకీ అవ్వ గోనెపట్టా కట్టేసింది.

అవ్వ అంటే మా నాయిన తల్లి. బాలింతకు గాలి తగలకూడదని ఆమె పట్టు. అక్క చెవులు మూసి తలగుడ్డ కట్టింది. ఎవరైనా పొరపాటున ఫ్యాను వేస్తారేమోనని, నాయిన చేత దాని రెక్కలకు పాత చీర కూడా చుట్టించింది. కింద అక్క, పైన ఫ్యాను, ఇద్దరు బాలింతల్లా ఉండేవాళ్లు.

"జరసేపు ఎయ్యి అవ్వా, కాళ్ల దిక్కు తగిలినా సాలు," అని అక్క బతిమాలేది.

"ఏందే ఎయ్యేది? మీ నాయిన పుట్టినప్పుడు గాలి జొచ్చే నాకీ చెవి పోయింది. గిప్పుడు నువ్వు తిట్టినా నాకు ఇనపడదు, గదొక్కటే లాభం. నీకెందుకే గా గతి?"

అవ్వది మొండితనం కాదు, భయం. అది తెలుసు కాబట్టే ఎవరూ గట్టిగా ఎదురు చెప్పలేకపోయారు. కానీ పాప ఒళ్లంతా ఎర్రగా చెమటకాయలు పేలాయి. రెండు గుక్కలు తాగి వదిలేసేది. ఏడుపు సన్నగా, అలిసిపోయినట్టు వచ్చేది. మా ఊరి ఆశా కార్యకర్త వచ్చి పాప పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. గది కప్పు వైపు, కిటికీ వైపు చూసి తల ఊపింది.

"పిల్లకు జబ్బేం కనవడ్తలేదు, గది ఉడుకుతున్నది. ఆ పట్టా తియ్యున్రి, పలుచటి బట్ట ఎయ్యున్రి. మూడు దినాలకు పొద్దుగాల వస్త. అప్పటికి పాలు మంచిగ తాగకుంటె దవాఖానకు తోలుకపోదాం. ఈ లోపల పిల్ల సత్తువ లేక మెత్తబడ్డదనుకో, నాకోసం సూడకుండ్రి, ఎంటనే పోండ్రి."

అవ్వ గోనెపట్టా సగం పైకి మడిచింది. ఫ్యాను మాట మాత్రం ఎత్తనివ్వలేదు.

నేను అప్పుడు వనపర్తిలో హాస్టల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. అక్క కోసం ఇంటికి వచ్చాను. చదువుతున్నాననేది ఇంట్లో చెప్పే మాట. నిజానికి లైబ్రరీలో పరీక్షల పుస్తకం కింద ఏదో ఒక నవల ఉండేది. ఇంటికి చుట్టాలు వస్తే తలుపు చాటుకు పోయే పిల్లను. నలుగురిలో నా గొంతు నాకే వినపడదు.

ఆ మధ్యాహ్నం అక్క పక్కన గోడకు ఆనుకుని కూర్చుంటే వీపు చుర్రుమంది. మంచమెక్కి కప్పుకు చెయ్యి ఆనిస్తే కాలి చప్పున తీసేశాను. ఆ వేడంతా అక్కడినుంచే దిగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, పరీక్ష కోసం రాసుకున్న ఒక వ్యాసం. 'ఇంధన పొదుపు, అణు విద్యుత్తు: ప్రభుత్వ విధానాలు' అనే విషయం మీద. సగం వ్యాసం కొత్త అణు కేంద్రాల గురించి, సగం ఇళ్లలో కరెంటు పొదుపు గురించి. స్టార్ గుర్తున్న ఫ్యాన్లు, ఎల్‌ఈడీ బల్బులు, ఆ తరువాత ఒక్క వాక్యంలో 'కప్పులకు తెల్లని పూత' అని రాసి ముందుకు వెళ్లిపోయాను. కప్పు అంటే మా ఇంటి కప్పు కూడా అన్న ఆలోచనే రాలేదు.

కరెంటు అణువు నుంచి వచ్చినా, బొగ్గు నుంచి వచ్చినా, ఫ్యానుకు చీర చుట్టిన గదిలో అది చేసేదేముంది? ఈ గదికి కావలసింది వేరే.

నాయిన చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగాను.

"స్లాబు మీద సున్నం ఏద్దామా నాయినా?"

"పండుగ లేదు పబ్బం లేదు, సున్నమెందుకు బిడ్డా?"

తెలుపు ఎండను వెనక్కి కొడుతుందనీ, ప్రభుత్వం దీనికొక విధానమే పెట్టిందనీ, నా వ్యాసం సంగతీ చెప్పాను. సర్కారు బిల్డింగులకు, పెద్ద పెద్ద వాటికి తప్పనిసరి. మనలాంటి చిన్న ఇళ్లకు మాత్రం మన ఇష్టం.

"మన ఇష్టానికి ఇడిసిపెట్టిండ్రంటే, మన దాంక ఎవ్వరు రారన్నట్టు," అని నాయిన నవ్వాడు. "మరి ఆ అణు కరెంటు గురించి గూడ రాసిన్నంటివి గద, గదెప్పుడొస్తదంట?"

"శానా ఏండ్లు పడుతది."

బాగున్న చెవి ఇటు తిప్పి వింటున్న అవ్వ అందుకుంది. ఆమె పుట్టిల్లు ఉప్పునుంతల దిక్కు. "మా దిక్కు నల్లమలల యురేనియం తవ్వుతరంటే ఊర్లకు ఊర్లే వద్దని లేచినయి. నాకు గదొక్కటే తెలుసు. గా కరెంటొచ్చేసరికి గీ పిల్ల గూడ నీ లెక్కనే తలుపెనక కూసోని బుక్కులు సదువుతుంటది తియ్."

అందరూ నవ్వారు. ఇంకెప్పుడైనా అయితే అక్కడినుంచి లేచిపోయేదాన్ని. ఆ రోజు వెళ్లి అవ్వ బాగున్న చెవి పక్కన కూర్చున్నాను.

"గాలి రాదు అవ్వా. ఎండ దిగకుండ జేస్తమంతే."

"గాలి రాదా?"

"రాదు."

"సుక్కంత గూడ?"

"సుక్కంత గూడ."

"అట్లయితె ఏస్కోండ్రి," అంది అవ్వ.

నాయిన సున్నం, జిగురు తెచ్చి ఆ సాయంత్రమే డ్రమ్ములో నానబెట్టాడు. తెల్లవారుజామున, స్లాబు కాళ్లకు చల్లగా ఉండగానే, నేనూ అమ్మా ఊడ్చి కడిగాం. నాయిన కుంచె కట్టిన కర్రతో పూశాడు. ఒక పూత ఆరగానే ఇంకో పూత. ఎండెక్కేసరికి పైన కళ్లు తెరిచి చూడలేకపోయాం. మధ్యాహ్నం గదిలోకి వెళ్లి మంచం ఎక్కి కప్పుకు చెయ్యి ఆనించాను. చల్లగా ఏమీ లేదు, కానీ చెయ్యి అక్కడే ఉంచగలిగాను. పాప తాగి నిద్రపోయింది. అక్క కూడా నిద్రపోయింది. గడప దగ్గర అవ్వ తల వాల్చి కునికింది.

మరుసటి రోజు పగలు మళ్లీ పాత కథే. గది సెగలు కక్కింది. పాప రొమ్ము పట్టి వదిలేస్తోంది. పట్టించబోతే మొహం తిప్పేసుకుంటోంది. అక్క కళ్లలో నీళ్లు. "మీ సున్నం సంబురం ఒక్క పూటనే," అంది అవ్వ, ఎత్తిపొడుపుగా కాదు, దిగులుగా. తెల్లవారితే ఆశా కార్యకర్త వస్తుంది. నేను చదివిందంతా అబద్ధమేమో, ఊరికే అందరినీ ఆశపెట్టానేమో అనుకుంటూ బయటి మెట్లెక్కి పైకి పోయాను.

స్లాబంతా ఎర్రగా ఉంది. ఒక మూలనుంచి ఇంకో మూల దాకా మిరపకాయలు పరిచి ఉన్నాయి. పిట్టగోడ పక్కన నల్లగా చింతపండు. పొద్దున అమ్మ, తెల్లగా సాపుగా ఉంది కదా అని, ఏడాది కారానికి తెచ్చిన కాయలు ఆరబోసిందట. అది చూసి పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి వదిన కూడా తమవి చాపలతో సహా మోసుకొచ్చారు. వాళ్లిద్దరూ నెత్తిన కొంగులు కప్పుకుని కాయలు తిరగేస్తున్నారు.

"రా రా," అంది వదిన. "గింత సాపైన జాగ ఊర్లనే లేదు. మల్ల ఏడాది గూడ సున్నమేపియ్యాలె మీ నాయినతోని."

కింద పాప ఏడుపు సన్నగా వినబడుతోంది. వంగి చేతికి అందినన్ని కాయలు చున్నీలోకి ఎత్తడం మొదలుపెట్టాను.

"ఏందే, మా కాయలెందుకెత్తుతున్నవ్?" పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నోరు లేదనుకుంటె చేతులొచ్చినయా నీకు?"

"పెద్దమ్మా, దీని కిందనే పాప ఉన్నది. కాయలు తాగిన ఎండంత ఆ పిల్ల మీదికే దిగుతున్నది. పాలు తాగుతలేదు. తియ్యాలె. ఇప్పుడే తియ్యాలె."

అంత గట్టిగా అంటానని నాకే తెలియదు. వదిన మూతి మీద చెయ్యి పెట్టుకుంది. "అగో, దీనికి మాటలొస్తయి! బుక్కులతోనే మాట్లాడుతదనుకున్న."

"జెప్పొచ్చు గదే ముందుగాలనే," అంటూ పెద్దమ్మ అప్పటికే చాప మూలలు పట్టుకుంది. "పిల్ల కంటె ఎక్కువనా మాకు కారం? పట్టు, పట్టు, గా మూల పట్టు."

ముగ్గురం తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ అన్నీ పెద్దమ్మ వాకిట్లోకి దించాం. అమ్మ పరుగున బిందెలతో నీళ్లు తెచ్చి గుమ్మరించి చీపురుతో కడిగింది. "నా బుద్ధి గడ్డి తిన్నది, జాగ మంచిగున్నదనే సూసిన గని," అని తనను తానే తిట్టుకుంటూ ఒక్క గింజ కూడా మిగలకుండా ఊడ్చింది. సున్నం మీద అక్కడక్కడా ఎర్ర మరకలు పడ్డాయి. మిగతాదంతా మళ్లీ తెల్లబడింది.

గది వెంటనే చల్లబడలేదు. పొద్దు వాలేదాకా నేను గంటకోసారి మంచమెక్కి కప్పు తడిమి చూస్తూనే ఉన్నాను. చీకటి పడే వేళకు చెయ్యి ఆనించి ఉంచగలిగాను. పాప రొమ్ము పట్టింది. వదిలేస్తుందేమోనని ఎవ్వరం ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. వదల్లేదు. గుటక పడిన చప్పుడు స్పష్టంగా వినబడింది. ఆ తరువాత ఇంకొకటి. అక్క నా వైపు చూసింది. నేను మంచం పక్కనే కింద కూర్చున్నాను.

పొద్దున ఆశా కార్యకర్త చెప్పిన మాట ప్రకారం వచ్చింది. పాప పొట్ట, పాదాలు, నోరు చూసింది. తడిసిన గుడ్డలెన్ని అని అమ్మను అడిగింది.

"మంచిగున్నది. దవాఖాన అవసరం లేదు."

అవ్వ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. "గాలి తగలనియ్యలే నేను. గందుకే."

అక్క ఆపుకోలేక నవ్వింది, కాన్పు తరువాత మొదటిసారి. ఆ నవ్వుకు ఒళ్లంతా కదిలి పాప నోటినుంచి రొమ్ము జారింది. పాప మొహం ఎర్రగా చేసుకుని, ఇల్లంతా దద్దరిల్లేలా, కోపంగా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ అమ్మ నవ్వుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.